ఇంప్లాంట్ నిలవడం వేరు, నెగ్గడం వేరు

పన్ను పోయిన చోట ఇంప్లాంట్, అంటే దవడ ఎముకలో బిగించే లోహపు మర, పెట్టించుకుందామని ఆలోచించే వారి చెవిన ముందుగా పడే మాట, ఇది 95 శాతం సక్సెస్ అవుతుందన్నది. ఆ అంకెలో అబద్ధమేమీ లేదు. పదేళ్లపాటు రోగులను గమనిస్తూ వచ్చిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసిన సమీక్షల్లో దాదాపు అదే అంకె మళ్లీ మళ్లీ తేలింది. చిక్కంతా ఆ అంకె దేన్ని లెక్కపెట్టిందన్న దగ్గరే ఉంది. చాలా అధ్యయనాలు లెక్కించినది సర్వైవల్‌ను, అంటే పరీక్ష చేసిన రోజున ఇంప్లాంట్ ఇంకా ఎముకలో ఉందా, ఊడిపోయిందా అన్న ఒక్క ప్రశ్నకు జవాబును. ఉన్నది ఆరోగ్యంగా ఉందా, చుట్టూ చిగురు నెత్తురోడుతోందా, ఎముక సగానికి కరిగిపోయిందా అన్నవి వేరే ప్రశ్నలు. వాటికి జవాబు వెతికినప్పుడు వచ్చే అంకెలు అంత ముచ్చటగా ఉండవు.

ఒకే రోజున ఇంప్లాంట్ పెట్టించుకున్న ఇద్దరిని ఊహించుకుందాం. పదేళ్లు గడిచాయి. మొదటి వ్యక్తి నోట్లో ఇంప్లాంట్ చుట్టూ చిగురు గట్టిగా, లేత గులాబీ రంగులో ఉంది. ఎక్స్‌రేలో ఎముక దాదాపు మొదటి ఏడాది చివర ఉన్న ఎత్తులోనే ఉంది. రెండో వ్యక్తి చిగురును వేలితో నొక్కితే క్యాప్ అంచు నుంచి చీము చుక్క పైకి వస్తుంది. ఎక్స్‌రేలో ఎముకలో ఉండాల్సిన మర చుట్లలో సగం ఎముక అండ లేకుండా బయటపడి ఉన్నాయి. అయినా ఆయన దానితో నములుతూనే ఉన్నాడు. నొప్పి లేదు, కదలిక లేదు. సర్వైవల్ పట్టికలో ఈ ఇద్దరూ ఒకే గడిలో చేరతారు. దీర్ఘకాల విజయం గురించి మాట్లాడాలంటే ముందు ఈ ఇద్దరినీ వేరు చేసి చూడాలి.

ఇంప్లాంట్ అని మనం ఒక్క మాటలో చెప్పేది నిజానికి మూడు వస్తువులు. దవడ ఎముకలోకి దిగేది టైటానియం మర; ఈ వ్యాసంలో ఇంప్లాంట్ అన్నప్పుడల్లా దాన్నే ఉద్దేశిస్తున్నాను. దానికి బిగిసి, చిగురును దాటి పైకి వచ్చే మధ్య ముక్క అబట్‌మెంట్. ఆ పైన కూర్చుని, అద్దంలో పన్నులా కనిపించేది క్రౌన్; వాడుకలో క్యాప్ అంటాం. ఈ మూడింటి ఆయుర్దాయం ఒకటి కాదు. విడివిడి పళ్ల కోసం పెట్టిన ఇంప్లాంట్ల మీద 2012లో వెలువడిన ఒక పెద్ద సమీక్షలో, ఇంప్లాంట్లు ఐదేళ్లకు 97.2 శాతం, పదేళ్లకు 95.2 శాతం నిలిచి ఉండగా, వాటి మీది క్రౌన్లు ఐదేళ్లకు 96.3 శాతం, పదేళ్లకు 89.4 శాతం నిలిచాయి. అంటే మొదటి ఐదేళ్లలో పెద్దగా తేడా కనబడకపోయినా, పదేళ్లు వచ్చేసరికి పోయిన క్యాప్‌ల వాటా పోయిన ఇంప్లాంట్ల వాటాకు రెండింతలు దాటింది. "జీవితకాలం ఉంటుంది" అన్న హామీ విన్నప్పుడు, ఆ మాట ఏ ముక్కకు వర్తిస్తుందని అడగడం తప్పు కాదు.

విజయానికి కొలబద్ద ఉండాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. స్వీడన్ పరిశోధకుడు థామస్ ఆల్‌బ్రెక్ట్‌సన్, ఆయన సహచరులు 1986లోనే కొన్ని షరతులు పెట్టారు. ఇంప్లాంట్ ఏమాత్రం కదలకూడదు. ఎక్స్‌రేలో దాని చుట్టూ నల్లని చార కనబడకూడదు. తగ్గని నొప్పి, ఇన్‌ఫెక్షన్, పెదవిలో తిమ్మిరి వంటివి ఉండకూడదు. మొదటి ఏడాది తర్వాత ఎముక ఏటా 0.2 మిల్లీమీటర్ల కంటే తక్కువగానే తగ్గాలి. ఈ షరతులన్నీ తీరుతూ ఐదేళ్లకు 85 శాతం, పదేళ్లకు 80 శాతం ఇంప్లాంట్లు నిలిస్తేనే ఆ పద్ధతిని విజయవంతమైనదిగా ఒప్పుకోవాలని వారన్నారు. మొదటి ఏడాదిని విడిగా ఉంచడానికి కారణం ఉంది. ఎముకను తొలిచి మర బిగించాక, చిగురు కొత్తగా సర్దుకునే క్రమంలో పైఅంచున కొంత ఎముక తగ్గడం మామూలే. అది ఒకసారి జరిగి ఆగిపోవాలి. ఏటికేడూ తరుగుతూనే ఉంటే అది సర్దుబాటు కాదు, రోగం. ఇప్పటి ఇంప్లాంట్ల చుట్టూ అప్పటికంటే తక్కువ ఎముక తగ్గుతోంది కాబట్టి ఆ పాత కొలతలు ఉదారమైనవేనని చాలామంది అంటారు. అయినా తరుగుదల వేగాన్ని కొలవాలన్న అసలు సూత్రం మాత్రం చెక్కుచెదరలేదు.

ఈ కథ మొదలైంది పళ్లతో కాదు, కుందేలు కాలి ఎముకతో. పెర్ ఇంగ్వార్ బ్రానెమార్క్ అనే స్వీడన్ వైద్య పరిశోధకుడు 1950ల తొలినాళ్లలో, ఎముకలో రక్త ప్రసరణను చూడటానికి టైటానియంతో చేసిన చిన్న గొట్టాలను కుందేళ్ల ఎముకల్లో అమర్చాడు. పని పూర్తయ్యాక వాటిని తీద్దామంటే రాలేదు. ఎముక ఆ లోహాన్ని అంత గట్టిగా పట్టేసుకుంది. 1965లో యోస్టా లార్సన్ అనే వ్యక్తి కింది దవడలో ఆయన టైటానియం ఇంప్లాంట్లు పెట్టాడు. లార్సన్ 2006లో మరణించే వరకు, అంటే నలభై ఏళ్లకు పైగా, అవి పనిచేశాయి. దంతవైద్య ప్రపంచం మాత్రం వెంటనే నమ్మలేదు. ఎముక లోహాన్ని నేరుగా పట్టుకోవడం అసాధ్యమనే అప్పటి అభిప్రాయం. స్వీడన్ బృందం 15 ఏళ్ల ఫలితాలను 1981లో ప్రకటించి, మరుసటి ఏడాది టొరంటోలో జరిగిన సదస్సులో చర్చకు పెట్టాకే మిగతా దేశాల్లో తలుపులు తెరుచుకున్నాయి. ఆ 1981 ఫలితాల్లో ఒక సంగతి ఈనాటికీ ఆలోచింపజేస్తుంది: కింది దవడలో 91 శాతం నిలిస్తే, పై దవడలో 81 శాతమే నిలిచాయి. మర అదే, చేతులు అవే, తేడా ఎముకది.

ఎముక లోహాన్ని పట్టుకోవడాన్ని ఆసియోఇంటిగ్రేషన్ అంటారు. టైటానియం గాలి తగలగానే తన ఒంటి మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొరను కప్పుకుంటుంది. శరీరంతో తలపడేది ఆ పొరే కాబట్టి లోహాన్ని ఒళ్లు వెళ్లగొట్టదు. అయితే పెట్టిన రోజున ఇంప్లాంట్ నిలబడేది ఈ కలయికతో కాదు, మేకు చెక్కలో నిలిచినట్టు కేవలం బిగువుతో. తర్వాతి వారాల్లో ఆ బిగువును ఇచ్చిన పాత ఎముకను శరీరం కొంత కొంతగా కరిగించి, దాని స్థానంలో కొత్త ఎముకను పేరుస్తుంది. పాతది తగ్గిపోతూ, కొత్తది ఇంకా గట్టిపడని సంధి కాలం ఒకటి ఉంటుంది. సాధారణంగా అది మూడు, నాలుగు వారాల దగ్గర వస్తుంది. పెట్టిన రోజుకంటే ఇంప్లాంట్ అప్పుడే బలహీనంగా ఉంటుంది. నొప్పి, వాపు పూర్తిగా తగ్గిపోయి, అంతా బాగానే ఉందనిపించి, ఆ వైపు గట్టివి నమలడం మొదలుపెట్టే సమయం కూడా సరిగ్గా అదే కావడం ఒక విడ్డూరం. ఈ దశలో ఇంప్లాంట్ మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూగా కదులుతూ ఉంటే, చుట్టూ ఎముకకు బదులు మెత్తని పీచు కణజాలం పెరుగుతుంది. అలా పెరిగాక అది ఇక ఎముకగా మారదు, ఇంప్లాంట్‌ను తీసేయాల్సిందే.

శస్త్రచికిత్సలో ఒక చిన్న విషయాన్ని దగ్గరగా చూస్తే నైపుణ్యం అంటే ఏమిటో అర్థమవుతుంది. డ్రిల్ తిరిగేటప్పుడు వేడి పుడుతుంది. ఎముక 47 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక్క నిమిషం ఉంటే దెబ్బతినడం మొదలవుతుందని 1980లలో జరిగిన ప్రయోగాలు చూపించాయి. వేడి నీటి స్నానానికి కొంచెం పైమాట, అంతే. అందుకే డ్రిల్ మీద చల్లని సెలైన్ ఆగకుండా పడుతూ ఉండాలి. డ్రిల్‌ను ఒకేసారి లోపలికి తొయ్యకుండా దించుతూ, లేపుతూ ఉండాలి. సన్నని డ్రిల్‌తో మొదలుపెట్టి ఒక్కో అంచె పెద్దది చేసుకుంటూ పోవాలి. మొద్దుబారిన డ్రిల్‌ను పక్కన పెట్టాలి. కింది దవడ ముందు భాగంలో ఉండే గట్టి ఎముకలో ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే అక్కడ రాపిడి ఎక్కువ, రక్త ప్రసరణ తక్కువ. గట్టి ఎముక ఎప్పుడూ మేలన్నది అందరికీ ఉన్న అపోహ. మరీ మెత్తనిది ఇంప్లాంట్‌ను పట్టుకోలేదు, మరీ గట్టిది వేడికి తట్టుకోలేదు. రెండింటికీ మధ్యస్థంగా ఉన్నదే అన్నిటికంటే నమ్మదగినది.

మొదట్లో కింది దవడలో మూడు నెలలు, పై దవడలో ఆరు నెలలు ఆగాకే పైన పళ్లు కట్టేవారు. నున్నని ఉపరితలం స్థానంలో ఇసుక తాకిడితో, ఆమ్లంతో గరుకు చేసిన ఉపరితలాలు వచ్చాక, ఎముక త్వరగా పట్టుకోవడంతో ఈ గడువు అనుకూలమైన చోట్ల ఆరు నుంచి ఎనిమిది వారాలకు తగ్గింది. కొందరికి ఇంప్లాంట్ పెట్టిన రోజునే తాత్కాలిక క్యాప్ కూడా పెడుతున్నారు. ఇది ప్రచారంలో వినబడేంత సులభం కాదు; ఇంప్లాంట్ మొదటి రోజునే తగినంత బిగువుగా దిగి, ఆ క్యాప్ ఎదుటి పళ్లకు తగలకుండా జాగ్రత్త తీసుకున్నప్పుడే చెల్లుతుంది. తొందరకు ఎంత తావుందో ఎముక చెప్పాలి, క్యాలెండరు కాదు.

ఇక్కడిదాకా చెప్పినదంతా తొలి వైఫల్యానికి సంబంధించినది. క్యాప్ పెట్టకముందే, లేదా పెట్టిన కొన్ని నెలల్లోనే ఊడిపోయేవి ఈ కోవలోకి వస్తాయి. వేడి, కదలిక, పెట్టేటప్పుడు సోకిన ఇన్‌ఫెక్షన్, నాసి ఎముక, పొగతాగడం దీనికి సాధారణ కారణాలు. ఆలస్యంగా వచ్చే వైఫల్యం వేరే జాతి. అక్కడ ఎముక ఒకసారి పట్టుకుంది. ఏళ్లు గడిచాక వదులుతోంది. దీర్ఘకాల విజయమంటే ప్రధానంగా ఈ రెండో దాన్ని నివారించడమే. ఈ రెంటినీ కలిపి ఒకే శాతంగా చెప్పడంతో సామాన్య పాఠకుడికి అసలు బొమ్మ అందకుండా పోతోందని నా అభిప్రాయం.

ఎందుకు వదులుతుందో తెలియాలంటే చిగురు దగ్గరికి రావాలి. సహజమైన పంటికీ ఎముకకూ మధ్య సన్నని స్నాయువు ఉంటుంది. చిగురులోని పీచులు పంటి వేరులోకి అడ్డంగా పాతుకుని, దాని చుట్టూ బిగుతైన పట్టీలా ఉంటాయి. ఇంప్లాంట్ చుట్టూ ఈ రెండూ ఉండవు. చిగురు పీచులు టైటానియంలోకి పాతుకోలేవు కాబట్టి దాని పక్కనే నిలువుగానో, చుట్టూ వలయంగానో సాగుతాయి. స్నాయువు లేకపోవడం వల్ల అటు నుంచి వచ్చే రక్తనాళాలూ ఉండవు. కాబట్టి అదే పాచి, అదే సూక్ష్మజీవులు పంటి చుట్టూ ఒక మాదిరి వాపుతో ఆగితే, ఇంప్లాంట్ చుట్టూ త్వరగా లోతుకు, ఎముకదాకా దిగే వీలుంది. ఇంప్లాంట్ పుచ్చిపోదన్న మాట నిజమే. దాని కాళ్ల కింది నేల కరిగిపోవచ్చన్నది దానితోపాటు చెప్పాల్సిన మాట.

ఈ వ్యాధికి రెండు మెట్లున్నాయి. వాపు చిగురు వరకే ఉండి, కొలపుల్లతో మెల్లగా తాకితే నెత్తురు వచ్చే దశను పెరి ఇంప్లాంట్ మ్యూకోసైటిస్ అంటారు. పాచిని సరిగా తీసేస్తే ఇది వెనక్కి మళ్లుతుంది. వాపు ఎముకను తినడం మొదలుపెడితే అది పెరి ఇంప్లాంటైటిస్. 2017లో అమెరికా, ఐరోపా చిగుళ్ల వైద్య సంస్థలు కలిసి జరిపిన సదస్సు దీనికి నిర్వచనం ఇస్తూ, పాత రికార్డులు దొరకని సందర్భంలో, నెత్తురు లేదా చీముతో పాటు చిగురు సంచి, అంటే చిగురుకూ ఇంప్లాంట్‌కూ మధ్య ఏర్పడే సందు, లోతు 6 మిల్లీమీటర్లు, ఎముక తరుగు 3 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉంటే ఈ వ్యాధిగా లెక్కించాలని చెప్పింది. ఎంతమందికి వస్తుంది? 2015లో వచ్చిన ఒక సమీక్ష సగటు అంచనా ప్రకారం మ్యూకోసైటిస్ 43 శాతం మందిలో, పెరి ఇంప్లాంటైటిస్ 22 శాతం మందిలో ఉంది. స్వీడన్‌లో తొమ్మిదేళ్ల తర్వాత రోగులను పిలిచి పరీక్షించిన అధ్యయనంలో, అర మిల్లీమీటరు దాటిన ఎముక తరుగును కూడా లెక్కలోకి తీసుకుంటే 45 శాతం మందిలో వ్యాధి కనబడింది. 2 మిల్లీమీటర్లు దాటినవి మాత్రమే తీసుకుంటే అది 14.5 శాతానికి దిగింది. ఒకే నోళ్లు, ఒకే ఎక్స్‌రేలు. గీత ఎక్కడ గీశామన్న దాన్ని బట్టి అంకె మూడింతలు మారింది. శాతాలను చూసి బెంబేలెత్తడమూ, మురిసిపోవడమూ రెండూ తొందరపాటే.

ఎవరికి వస్తుందన్న దానికి అన్నిటికంటే బలమైన సూచన రోగి చరిత్రలోనే ఉంటుంది. ముదిరిన చిగుళ్ల వ్యాధితో పళ్లు పోగొట్టుకున్న వారికి, ఆ పళ్ల స్థానంలో పెట్టిన ఇంప్లాంట్ల చుట్టూ అదే కథ మళ్లీ నడిచే అవకాశం ఎక్కువ. పన్ను తీసేస్తే వ్యాధి పోయిందనుకోవడం సహజమే కానీ, ఆ సూక్ష్మజీవులు మిగిలిన పళ్ల సంచుల్లో ఉంటాయి, వాటికి అతిగా స్పందించే శరీర స్వభావం రోగితోనే ఉంటుంది. అందువల్ల మిగతా నోటిలో చిగుళ్ల వ్యాధిని అదుపులోకి తెచ్చాకే ఇంప్లాంట్ తలపెట్టాలి. వైఫల్యాలు అందరికీ సమంగా పంచినట్టు రావు, కొందరి నోళ్లలోనే గుంపుగా వస్తాయి అన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. వంద ఇంప్లాంట్లలో ఐదు పోయాయంటే, అవి ఐదుగురివి కావచ్చు, ఇద్దరివే కావచ్చు.

పొగతాగడం సంగతి అందరూ చెప్పేదే కాబట్టి క్లుప్తంగా: నికోటిన్ రక్తనాళాలను కుదిస్తుంది, గాయం మానడం మందగిస్తుంది, సూక్ష్మజీవులతో పోరాడే కణాలు సరిగా పనిచేయవు. పొగతాగని వారితో పోలిస్తే తాగేవారిలో ఇంప్లాంట్ పోయే అవకాశం సుమారు రెండింతలని సమీక్షలు చెబుతున్నాయి. పొగతాగే వారిలో చిగురు నుంచి నెత్తురు తక్కువగా రావడం మరో ప్రమాదం. లోపల జరుగుతున్న నష్టానికి పైన హెచ్చరిక కనబడదు.

మధుమేహం విషయంలో చాలామందికి ఉన్న భయం కొంత మితిమీరినదే. షుగర్ ఉందన్న ఒక్క కారణంతో ఇంప్లాంట్ వద్దనాల్సిన పని లేదు. మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష అదుపులో ఉన్నవారికి ఎముక పట్టుకోవడంలో ఫలితాలు మామూలు వారికి దగ్గరగానే ఉంటాయి. అదుపు తప్పిన వారిలో గాయం ఆలస్యంగా మానుతుంది, ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా పడుతుంది, తర్వాతి ఏళ్లలో చిగురు వాపు ఎక్కువ. కాబట్టి అడగాల్సింది షుగర్ ఉందా అని కాదు, ఎంత కాలంగా ఎంత అదుపులో ఉంది అని. ఎముకలు గుల్లబారడం కూడా దానంతట అది అడ్డంకి కాదు. దానికి వాడే మందులతోనే జాగ్రత్త. బిస్ఫాస్ఫొనేట్లు, డెనోసుమాబ్ వంటివి ఎముక కరగడాన్ని ఆపుతాయి, ఆ క్రమంలో ఎముక తనను తాను బాగుచేసుకునే పనిని కూడా నెమ్మదింపజేస్తాయి. క్యాన్సర్ చికిత్సలో భాగంగా వీటిని పెద్ద మోతాదులో, ఇంజెక్షన్ల ద్వారా తీసుకునే వారికి దవడ ఎముక ఒక భాగం చచ్చిపోయే ప్రమాదం ఉండటంతో ఇంప్లాంట్ సాధారణంగా వద్దంటారు. తక్కువ మోతాదులో మాత్రలు వాడే వారికి ఆ ప్రమాదం చాలా స్వల్పం. తల, మెడ భాగాలకు రేడియేషన్ తీసుకున్న వారి విషయం మళ్లీ వేరు. అక్కడ నిర్ణయం దంతవైద్యుడు ఒక్కడే తీసుకునేది కాదు. వాడే మందులన్నిటి పేర్లూ, ఏడాదికో ఆరు నెలలకో ఒకసారి తీసుకునే ఇంజెక్షన్లతో సహా, దంతవైద్యుడికి చెప్పాలి. ఎప్పుడో ఒకసారి తీసుకునేది కదా అని రోగులు మరిచిపోయేది సరిగ్గా ఆ ఇంజెక్షన్లనే.

ఇక బలం సంగతి. నమిలేటప్పుడు సహజమైన పన్ను తన గూడులో 25 నుంచి 100 మైక్రాన్ల వరకు కిందికి దిగుతుంది, ఇంప్లాంట్ దిగేది 3 నుంచి 5 మైక్రాన్లు. స్నాయువు లేని చోట కుదుపును మింగే మెత్త లేదు, "ఇంత గట్టిగా కొరకకు" అని మెదడుకు కబురంపే నరాల కొసలూ లేవు. అందుకే క్యాప్ ఎత్తును సరిచూసేటప్పుడు మెల్లగా నోరు మూస్తే ఇంప్లాంట్ మీది క్యాప్ ఎదుటి పంటికి తగిలీ తగలనట్టుండాలి, గట్టిగా కొరికినప్పుడే పూర్తిగా తగలాలి అంటారు. నిద్రలో పళ్లు కొరికే అలవాటున్న వారికి ఈ లెక్క తప్పుతుంది. వారిలో సాధారణంగా ముందు దెబ్బతినేది ఎముక కాదు, పై సామాను: పింగాణీ పెచ్చు లేస్తుంది, అబట్‌మెంట్‌ను పట్టి ఉంచే స్క్రూ వదులవుతుంది, అరుదుగా విరుగుతుంది. వదులైన స్క్రూను చిన్నదిగా తీసుకోకూడదు. క్యాప్ లోపల కాస్త ఆడుతున్నట్టు అనిపించిన రోజునే చూపించుకుంటే తిరిగి బిగించడంతో సరిపోతుంది. నెలల తరబడి అలాగే నమిలితే లోపల స్క్రూ విరిగి, దాని ముక్కను బయటికి తీయడం ఒక పూట పని అవుతుంది. రాత్రిపూట పెట్టుకునే గార్డు ఇలాంటి వారికి విలాసం కాదు.

ఇంప్లాంట్‌ను ఏ స్థానంలో, ఏ కోణంలో పెట్టారన్నది మొదటి రోజునే తేలిపోయే విషయమైనా, దాని ఫలితం పదేళ్ల తర్వాత కనబడుతుంది. పక్క పంటికి కనీసం ఒకటిన్నర మిల్లీమీటర్లు, రెండు ఇంప్లాంట్ల మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల ఎడం ఉండాలన్నది సాధారణ నియమం. అంతకంటే దగ్గరైతే మధ్యనున్న పలుచని ఎముక గోడ నిలవదు. బయటి వైపు, అంటే పెదవి, బుగ్గ వైపు గోడ మరీ పలుచగా ఉంటే అది కరిగి, చిగురు వెనక్కి జరిగి, కొన్నేళ్లకు లోహం నీడ బయటపడుతుంది. పన్ను తీసి చాలా కాలమైన చోట ఎముక వెడల్పు తగ్గిపోతుంది కాబట్టి, ముందుగా సీబీసీటీ స్కాన్‌లో మూడు కొలతల్లోనూ చూసి, అవసరమైతే ఎముకను పెంచి, ఆ తర్వాతే పెట్టడం మేలు. స్కాన్ చూడటమంటే "ఎముక ఎక్కడ ఉందో అక్కడ మర దించడం" కాదు. ముందు క్యాప్ ఎక్కడ ఉండాలో నిర్ణయించి, దానికి తగినట్టు ఇంప్లాంట్‌కు చోటు చూడటం. ఈ వరుస తలకిందులైతే క్యాప్ వంకరగా, ఉబ్బెత్తుగా తయారై, దాని కింద బ్రష్ దూరదు.

బ్రష్ దూరకపోవడం చిన్న మాటలా వినబడుతుంది కానీ దీర్ఘకాల వైఫల్యంలో పెద్ద వాటా దానిదే. అలాగే క్యాప్ అతికించడానికి వాడే సిమెంట్. అతికించేటప్పుడు అంచుల నుంచి పొంగిన సిమెంట్ చిగురు కిందికి జారిపోతే, పంటి చుట్టూ ఉన్నట్టు దాన్ని అడ్డుకునే పీచు పట్టీ ఇక్కడ లేదు. బియ్యపు గింజలో నాలుగో వంతు కూడా లేని ఆ ముక్క అక్కడే గట్టిపడి, గరుకుగా, పాచికి నివాసంగా మారుతుంది. ఎండోస్కోప్‌తో చిగురు కిందికి తొంగిచూసిన ఒక అధ్యయనంలో, వాపు లక్షణాలున్న ఇంప్లాంట్లలో 81 శాతం చుట్టూ మిగిలిపోయిన సిమెంట్ కనబడింది. దాన్ని తీసేశాక అలాంటి వాటిలో 74 శాతంలో లక్షణాలు తగ్గిపోయాయి. కొన్ని నెలలకు కావచ్చు, కొన్నేళ్లకు కావచ్చు, వాపు ఎప్పుడైనా బయటపడవచ్చు. అందుకే వీలైన చోట సిమెంట్ లేకుండా స్క్రూతో బిగించే క్యాప్‌లవైపు, లేదా సిమెంట్ తప్పనిసరైతే అంచులు చిగురుకు మరీ లోతున లేకుండా చూసుకోవడంవైపు చాలామంది మొగ్గు చూపుతున్నారు. క్యాప్ మీద తెల్లని పూతతో మూసిన చిన్న రంధ్రం కనిపిస్తే అది పనితనంలో లోపమని కొందరు రోగులు నొచ్చుకుంటారు. అది భవిష్యత్తులో విప్పి శుభ్రం చేయడానికి ఉంచిన తలుపు.

వయసు గురించి ఒక్క మాట. ఎనభై ఏళ్ల వయసు అడ్డు కాదు, ఒంటి ఆరోగ్యం బాగుంటే చాలు. అడ్డయ్యేది చిన్న వయసు. దవడ పెరుగుతున్నప్పుడు సహజమైన పళ్లు దానితోపాటు కిందికో పైకో సర్దుకుంటాయి. ఎముకకు అంటుకుపోయిన ఇంప్లాంట్ పెట్టిన చోటే ఉండిపోతుంది. పదిహేనేళ్ల వయసులో ముందు పంటి స్థానంలో పెట్టిన ఇంప్లాంట్ పాతికేళ్లు వచ్చేసరికి పక్క పళ్లకంటే పొట్టిగా కనిపించడం ఇందువల్లే. ఎదుగుదల ఆగేదాకా తాత్కాలిక ఏర్పాటుతో సరిపెట్టుకోవడమే మంచిది. ఇక ఏ కంపెనీది మంచిదన్న ప్రశ్నకు, చాలా ఏళ్ల ఫలితాలు ప్రచురించిన, విడిభాగాలు దొరికే ఏ రకమైనా సరిపోతుంది. ఆ ప్రశ్న మీద జనం వెచ్చించే ఆలోచనలో సగం మిగతా విషయాల మీద పెడితే బాగుండునని అనిపిస్తుంది.

పెట్టించుకున్న తర్వాతి ఏళ్లలో రోగి చేతిలో ఉన్నది శుభ్రత, తనిఖీ. బ్రెజిల్‌లో మ్యూకోసైటిస్ ఉన్న 80 మందిని ఐదేళ్లు గమనించినప్పుడు, క్రమం తప్పకుండా దంతవైద్యుడి దగ్గర శుభ్రం చేయించుకున్న వారిలో 18 శాతం మందికి, చేయించుకోని వారిలో 43.9 శాతం మందికి పెరి ఇంప్లాంటైటిస్ వచ్చింది. చికిత్సలో కొత్త యంత్రాలు తెచ్చే తేడాలకంటే ఇది చాలా పెద్ద తేడా. ఇంట్లో చేసేదానిలో ముఖ్యమైనది రెండు పళ్ల సందులో దూర్చే చిన్న బ్రష్. సందుకు తగిన సైజుదై ఉండాలి. వదులుగా దూరేది పాచిని తాకదు. లోపలి తీగ మీద ప్లాస్టిక్ పూత ఉన్నదైతే అబట్‌మెంట్ మీద గీతలు పడవు. కొత్తలో నెత్తురు వస్తే చాలామంది భయపడి మానేస్తారు. వాపు ఉన్నందువల్ల వచ్చే ఆ నెత్తురు, రోజూ శుభ్రం చేస్తుంటే కొద్ది రోజుల్లో ఆగిపోవాలి. ఆగకపోతే చూపించుకోవాలి. నొప్పి కోసం ఎదురు చూడకూడదు, ఎందుకంటే ఇంప్లాంట్ చుట్టూ ఎముక చాలా దూరం పోయేదాకా సాధారణంగా నొప్పి రాదు.

తనిఖీ ఆరు నెలలకోసారి అయితే ఎక్కువమందికి సరిపోతుంది, చిగుళ్ల వ్యాధి చరిత్ర ఉన్నవారు ఇంకా దగ్గర దగ్గరగా వెళ్లాలి. అక్కడ జరగాల్సింది పైపైన చూసి "బాగుంది" అనడం కాదు: సన్నని కొలపుల్లతో చుట్టూ లోతు కొలవాలి, నెత్తురు వస్తుందేమో చూడాలి, అవసరమైనప్పుడు ఎక్స్‌రే తీసి పాతదానితో పోల్చాలి. పోల్చడానికి పాతది ఉండాలి కదా. క్యాప్ పెట్టిన రోజున తీసిన ఎక్స్‌రే అందుకే అంత విలువైనది. ముదిరిన పెరి ఇంప్లాంటైటిస్‌కు చికిత్స ఉంది, చిగురు తెరిచి మర చుట్లను శుభ్రం చేయడం, కొన్ని చోట్ల ఎముకను తిరిగి పెంచే ప్రయత్నం చేయడం వంటివి. కానీ గరుకు ఉపరితలపు పల్లాల్లోకి చొచ్చుకుపోయిన పాచిని పూర్తిగా తొలగించడం కష్టం, కొంతకాలానికి వ్యాధి తిరగబెట్టడమూ తరచుగా జరిగేదే. ఎముక పట్టుకోవడానికి తోడ్పడిన ఆ గరుకుతనమే, ఒకసారి నోట్లోకి బయటపడ్డాక, పాచికి తోడ్పడుతుంది.

చివరగా ఒక కాగితం ముక్క. ఇంప్లాంట్ పెట్టిన రోజున దాని పెట్టె మీది స్టిక్కర్ అంటించిన కార్డు ఒకటి ఇస్తారు. ఇవ్వకపోతే అడిగి తీసుకోవాలి. తయారీదారు పేరు, రకం, వ్యాసం, పొడవు, బ్యాచ్ నంబరు అందులో ఉంటాయి. ఒక రకం ఇంప్లాంట్ స్క్రూను విప్పే సాధనం మరో రకానికి సరిపోవాలని లేదు, అబట్‌మెంట్లూ అంతే. పద్నాలుగేళ్ల తర్వాత, పెట్టిన డాక్టరు అందుబాటులో లేనప్పుడు, ఊరు మారినప్పుడు, ఒక సాయంత్రం క్యాప్ వదులైతే, ఎదురుగా కూర్చున్న కొత్త డాక్టరు ఎక్స్‌రేలో మర ఆకారాన్ని చూసి ఇది ఏ రకమో ఊహించాల్సి వస్తుంది. ఆ కార్డు చేతిలో ఉంటే పది నిమిషాల్లో స్క్రూ బిగించి పంపేస్తారు.